కుడివైపు బాణం

ఆట మొదలవడానికి ఇంకా అరగంట ఉంది. చీటీలు తీసి మమ్మల్ని రెండు జట్లు చేశారు. రంగు గుళ్ళ తుపాకులతో కొట్టుకునే ఆట. ఒంటి మీద రంగు పడ్డవాడు బయటికి పోవాలి, అవతలివాళ్ళ జెండా లాక్కొచ్చిన జట్టు గెలిచినట్టు. ఏడాది పొడుగునా యార్డులో ఇనుప పైపులతో చస్తున్నాం కదా, ఒక్కరోజైనా కలిసిమెలిసి ఉండండని కంపెనీ తెచ్చి ఇక్కడ పడేసింది. కలిసిమెలిసి ఉండడానికి తుపాకులెందుకో ఆ పెద్దలకే తెలియాలి.

మా కెప్టెన్ స్టోర్ కీపర్. మాకిచ్చిన రేకుల గదిలో బోర్డు మీద మైదానం గీశాడు. ఇక్కడ టైర్ల గుట్ట, అక్కడ పీపాలు, మధ్యలో చక్రాల్లేని వ్యాను.

"నువ్వు పైనుంచి చూసే మనిషివి, దూరాలు నీకు బాగా తెలుస్తాయి. పీపాల వెనక కూర్చుని జెండాకి కాపలా కాయి" అన్నాడు నాతో.

నేను క్రేన్ నడుపుతాను. యార్డులో అందరూ నన్ను పైవాడు అంటారు. పదిహేడేళ్ళుగా ఆ క్యాబిన్లో సీటు నాది. ఆ సీటు మీదే మా ఇల్లు నడుస్తోంది.

పీపాలకి కుడివైపు ఏ అడ్డూ లేదు. వేరే చోటివ్వమని అడగబోయి ఊరుకున్నాను. ఎందుకంటాడు. ఎందుకో చెబితే సీటు పోతుంది.

నా కుడికన్ను పోయి రెండేళ్ళయింది. వెలుగూ చీకటీ తెలుస్తాయి, అంతే. పూర్తిగా తల తిప్పి చూస్తే తప్ప కుడిపక్క నాకు లేనట్టే. ఈ సంగతి ఒక్కడికే చెప్పాను, నా బావమరిదికి. బెంగ పెట్టుకుంటుందని ఇంట్లో ఆవిడకి కూడా చెప్పలేదు. వాడు క్రేన్ కింద నిలబడి నాకు చేతులతో సైగలు చేస్తాడు. చెప్పిన రోజు నుంచీ ఎడమవైపే నిలబడుతున్నాడు. ఏటా కంటి పరీక్షకి నాకంటే ముందు లోపలికి వెళ్ళి, చార్టులో అక్షరాలన్నీ బట్టీ పట్టి, బయటికొచ్చి నా చెవిలో ఊదేవాడు. బావమరిది బతక్కోరతాడు, దాయాది చావక్కోరతాడు అని పెద్దలు ఊరికే అన్నారా అని మురిసిపోయేవాణ్ణి.

ఇవాళ చీటీల్లో వాడు అవతలి జట్టుకి పడ్డాడు.

బాణాలు గీసీ గీసీ మా స్టోర్ కీపర్ మార్కర్ ఎండిపోయింది. "పక్క గదిలో ఇంకోటుంటుంది, అడిగి పట్రా. పనిలో పని, వాళ్ళ ప్లాన్ మీద కూడా ఓ కన్నేసి రా" అన్నాడు. ఓ కన్నెయ్యడమంటే నాకేం కష్టం, నాకున్నది ఒకటేగా.

పక్క గది తలుపు ఓరగా తీసి ఉంది. బోర్డు మీద అదే మైదానం. పీపాల వెనక ఒక సున్నా, సున్నా పక్కన 'పైవాడు' అని రాసి ఉంది. జెండా నాకే అప్పజెబుతారని బాగానే ఊహించారు. సున్నా మీదికి కుడివైపు నుంచి ఎర్రటి బాణం. దాని కింద నా బావమరిది గుండ్రటి దస్తూరీ: 'ఇటునుంచి ఎంత దగ్గరికెళ్ళినా ఆయనకి కనబడదు.'

ఆ మాటల ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడి ఉంది మా సేఫ్టీ ఆఫీసరు. ఆవిడా ఆ జట్టే.

మార్కర్ మాట మర్చిపోయి అలాగే నిలబడిపోయాను. ఆవిడ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఇది నిజమేనా అండీ?"

నేను తల దించుకున్నాను.

"రేపు క్యాబిన్ ఎక్కకండి. ముందు నా గదికి రండి. కంటి డాక్టరుకి చూపించుకున్నాకే ఏదైనా" అంది. మెత్తగానే అంది. గొంతు కోసేవాళ్ళు మెత్తగా కోస్తే మాత్రం తెగకుండా ఉంటుందా?

ఆ గదిలోనే ఓ మూల నిలబడ్డ బావమరిదిని జబ్బ పట్టుకుని బయట టైర్ల గుట్ట చాటుకి లాక్కెళ్ళాను.

"రంగునీళ్ళ ఆట కోసం నా నోటి దగ్గర ముద్ద లాగేస్తావట్రా? తిన్నింటి వాసాలు లెక్కపెడతావా?"

"ఆట కోసం కాదు బావా."

"మరెందుకు? నా సీటు కావాలా నీకు?"

"నాకు నిచ్చెనెక్కితేనే కళ్ళు తిరుగుతాయి. నీకు తెలీదా?" అన్నాడు. తర్వాత నేల చూస్తూ, "పోయిన నెల పెద్ద పైపుల కట్ట దించావు చూడు, ఆ రోజు నేను కుడివైపున్నాను" అన్నాడు.

"అక్కడెందుకున్నావు?"

"ఎడమవైపు లారీ అడ్డం పెట్టారు, చోటు లేదు. ఆపమని రెండు చేతులూ ఎత్తాను. అరిచాను. నువ్వు ఆపలేదు. బోర్లా పడుకున్నాను బావా. కట్ట నా వీపు మీదుగా పోయింది."

ఆ రోజు నాకు గుర్తుంది. వాడు కనబడలేదు. కింద మనిషి కనబడకపోతే క్రేన్ ఆపెయ్యాలి, అది మొదటిరోజు నేర్పే పాఠం. లారీ వెనక ఉంటాడులే అనుకుని దించేశాను.

అయినా నా కోపం తగ్గలేదు. "ఆ సాయంత్రం మా ఇంట్లోనే కదరా అన్నం తిన్నావు. అప్పుడెందుకు చెప్పలేదు? మొహం మీదే చెప్పాల్సింది. ఇలా బోర్డెక్కించి పరువు తియ్యడమేమిటి?"

"చెప్పాను."

"నాకెప్పుడు చెప్పావురా?"

"నీకు కాదు. అక్కకి. వంటింట్లో. నీ కన్ను సంగతి కూడా చెప్పాను."

నెల రోజులు. రోజూ పొద్దున్నే క్యారేజీ కట్టి చేతికిచ్చి, గుమ్మం దాకా వచ్చి పంపిన మనిషి. మొదట నాకు పట్టలేనంత కోపమొచ్చింది, అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసి నన్ను వెర్రివాణ్ణి చేశారని. తర్వాత వాడి మొహం చూశాను.

"అక్కేమంది?"

వాడు చేతి తొడుగు విప్పాడు. మళ్ళీ తొడుక్కున్నాడు.

"'బావ సీటు పోతే ఇల్లెలా గడుస్తుందిరా, నువ్వే కాస్త చూసుకుని నిలబడు' అంది."

తల్లి పోయాక వాణ్ణి ఎత్తుకుని పెంచింది మా ఆవిడే.