గొళ్లేనికి రెండువైపులా

నేను ఒక ఇత్తడి తాళాన్ని. ఉత్తరాదిలో ఏదో ఊళ్లో, కొలిమి పక్కన పుట్టాను. నన్ను చేసిన ముసలాయన తాళంచెవి తిప్పి చూసి, ఇక ఏ దొంగా రాడన్నట్టు తలాడించాడు. దొంగ ఎప్పుడూ బయటే ఉంటాడని మనుషుల నమ్మకం.

బెల్లంపల్లి బజారులో ఓదేలు నన్ను కొన్నాడు. అతనిది బొగ్గుబాయిలో పని. కార్మికుల క్వార్టర్లలో రెండు గదుల ఇల్లు, భార్య మల్లీశ్వరి, బడికెళ్లే కూతురు స్రవంతి. ఏ జాతరకో పెళ్లికో వెళ్లినప్పుడు తప్ప నాతో పనుండేది కాదు. మల్లీశ్వరి నన్నోసారి లాగి చూసి, నవ్వుకుంటూ కూతురి చెయ్యి పట్టుకుని వెళ్లేది.

రెండో కాన్పులో ఆమెకు బిడ్డ దక్కలేదు. ఆ తర్వాతే మొదలైంది. పక్కింటివాళ్లు గోడకు చెవి పెట్టి వింటున్నారనేది. నల్లా నీళ్లలో ఏదో కలుపుతున్నారని బిందెలు పారబోసేది. ఒకనాడు పొద్దున్నే నన్ను తలుపుకి లోపలివైపు వేసి, తాళంచెవి కొంగున ముడేసుకుంది.

"అమ్మా, ఇయ్యాల పరీక్షున్నది," అంది స్రవంతి, సంచి భుజాన వేసుకుని.

"నిన్ను ఎత్కపోతరు బిడ్డా. ఒకల్ని పోగొట్టుకున్న. నిన్ను ఎవ్వలకియ్య."

పిల్ల ఏడవలేదు. సంచి దించి తల్లి పక్కన కూర్చుంది. ఎవరినీ నమ్మని ఆ తల్లి నన్ను నమ్మింది. నేను గట్టిగానే నిలబడ్డాను. నాకు తెలిసిన విద్య అదొక్కటే.

ఓదేలు తాయెత్తు కట్టించాడు. తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. మాత్రలు విషమని ఆమె ఊసేసేది. ఒక మధ్యాహ్నం ఆమె, పోయిన బిడ్డను పిలుస్తూ రైలు పట్టాల వెంట నడుస్తుంటే ఎవరో ఇంటికి తెచ్చి దించారు. మర్నాటి నుంచి ఓదేలు డ్యూటీకి వెళ్తూ నన్ను బయటివైపు వేశాడు.

"నేనేం జేసిన?" అనేది ఆమె తలుపు అవతల నుంచి.

అతను నన్ను ఇంకోసారి లాగి చూసి సైకిలెక్కేవాడు. లోపలివైపు వేసినా బయటివైపు వేసినా నన్ను వేసింది ప్రేమతోనే. నాకు మాత్రం తేడా తెలియలేదు.

స్రవంతికి కాలేజీలో సీటొచ్చిన ఏడు, తండ్రి నన్ను చేతిలోకి తీసుకోబోతే ఆపింది.

"తాళమద్దు బాపూ. తలుపు గుద్ది గుద్ది అమ్మ చేతులు పగిలినయ్. నేనుంట ఇంట్ల."

"మరి కాలేజి?"

"వచ్చేయేడు పోత తియ్యి."

ఓదేలు వద్దనలేదు. వద్దంటాడేమోనని నేను ఎదురుచూశాను. ఆ వచ్చేయేడు వచ్చింది, పోయింది. దాని తర్వాతదీ పోయింది.

నేనిప్పుడు కిటికీలో చిలుము పట్టి పడున్నాను. స్రవంతి గడపలో కూర్చుని కూరగాయలు తరుగుతుంటుంది. తన ఈడు పిల్లలు అటుగా వస్తే ముఖం తిప్పుకుంటుంది. మల్లీశ్వరి అప్పుడప్పుడు తల దువ్వుకుని, మంచి చీర కట్టుకుని తలుపు దాకా వస్తుంది. కూతుర్ని పోల్చుకోదు.

"జర జరుగమ్మా," అంటుంది మర్యాదగా. "నా బిడ్డను బడికి తోలిరావాలె."

స్రవంతి కత్తిపీట పక్కకు పెట్టి, తలుపుకి చెయ్యి అడ్డం పెడుతుంది.