కర్నల్‌గారి సంతకం

ఆ రాజభవనం లోపలికి రావడం మర్సూదికి అసలు ఇష్టం లేదు. కానీ కాబోయే వియ్యంకుడు హర్జోనో స్వయంగా ఆడవాళ్ళతో సహా అందరికీ టిక్కెట్లు కొని, నేల గీసుకుపోకుండా గుమ్మం దగ్గర ఇచ్చే గుడ్డ చెప్పులు తొడిగించి మరీ వెంటబెట్టుకు పోతుంటే కాదనే వీలేదీ? కూతురు రెత్నోకి సంబంధం ఖాయమై వారమే అయింది. పెళ్ళికొడుకు జిల్లా కచేరీలో గుమాస్తా.

"అద్దంలో చూసుకోండి బావగారూ, సుల్తానుగారి తమ్ముడిలా ఉన్నారు!" అన్నాడు హర్జోనో.

ఆ హాలు గోడలన్నీ నిలువుటద్దాలే. బంగారు పూత స్తంభాలు, నెత్తిమీద గాజు దీపాల గుత్తులు. ఎటు తిరిగినా బెదిరిన ముసలి ముఖమొకటి తనవైపే చూస్తోంది. గది దాటిన ప్రతిసారీ తలపాగా కాపలాదారు వెనక తలుపు మూసేస్తున్నాడు. వచ్చిన దారిన పోనివ్వరు. అన్ని గదులూ తిరిగాకే బయటపడేది.

ఒకప్పటి భోజనశాలలో ఇప్పుడు చిత్రాలు తగిలించారు. మూడో చిత్రం దగ్గర మర్సూది కాళ్ళు ఆగిపోయాయి. సంతలో ఆకుకూరల మీద పల్లీల పచ్చడి వేసి అమ్ముతున్న పడుచు. నవ్వుతోంది. కింద మూల ఒక కర్నల్ సంతకం. పక్కన ఇత్తడి పలక మీద, "కర్నల్‌గారు స్వహస్తాలతో చిత్రించి బహూకరించినది."

వేసింది మర్సూది.

పాతికేళ్ళ కిందట, రైతు సంఘం జెండా గుడ్డ మీద బొమ్మ వేసిన పాపానికి సైనికులు అతన్ని పట్టుకుపోయారు. విచారణ లేదు, ఇన్నేళ్ళని శిక్షా లేదు. పద్నాలుగేళ్ళు లోపలే. అందులో పదేళ్ళు తూర్పున ఏదో దీవిలో అడవులు నరికాడు. అక్కడి అధికారి, ఈ కర్నలే, రంగులిచ్చి బొమ్మలు వేయించుకుని, కింద తన పేరు రాసుకునేవాడు. పట్టుకుపోయేనాటికి రెత్నో పాలు తాగే పిల్ల. నాన్న బోర్నియో కలప అడవుల్లో పనికెళ్ళాడనే ఈనాటికీ ఆమెకు తెలుసు. విడుదలయ్యాక ఊరు మారారు. మర్సూది మళ్ళీ కుంచె పట్టలేదు, సైకిళ్ళు బాగుచేసి బతికాడు. అలాంటి ఖైదీల చుట్టాలకు సర్కారు కొలువులు ఉంచరు. ఖైదీ కూతురని బయటపడితే ఈ పెళ్ళీ ఉండదు, అల్లుడి ఉద్యోగమూ ఉండదు.

ఈ బొమ్మ సంగతి భార్య తుకీనాకు కూడా అతను చెప్పలేదు.

"పదండి పదండి, కాళ్ళు లాగుతున్నాయి," అన్నాడు.

తుకీనా కదల్లేదు. బొమ్మలోని పడుచుకు ఎడమ చెవి తమ్మె చీలి ఉంది. ఆమె తన చెవి తడుముకుంది. చిన్నప్పుడు చెల్లెలు దుద్దు పట్టి లాగితే చీలిన చెవి. అడ్డుతాడు మీంచి వంగి, బొమ్మను వేలితో తాకింది.

"ముట్టుకోకూడదమ్మా!" కాపలాదారు కేకేశాడు.

హర్జోనో భార్య దగ్గరికొచ్చి చూసి పకపకా నవ్వింది. "ఓయమ్మో వదినగారూ! అచ్చం మీరే! ఆ చెవితో సహా! ఏం కథ? వయసులో కర్నల్‌గారిని ఎరుగుదురా ఏంటి?"

రెత్నో సిగ్గుతో తల దించుకుంది. మర్సూది కూతురి వైపు చూశాడు. నేనే వేశానంటే కూతురి బతుకు కూలుతుంది. ఊరుకుంటే ఆ మాట పెళ్ళాం మీద మచ్చలా ఉండిపోతుంది. నోరు తెరిచాడు. గొంతు పెగల్లేదు.

"ఆయనెవరో నాకు తెలీదమ్మా," అంది తుకీనా నెమ్మదిగా. "సంతలో కూచున్నదాన్ని వందమంది చూస్తారు. ఎవడు గీసుకున్నాడో నేనేం చెప్పను?"

"బాగా చెప్పావు చెల్లెమ్మా!" అని హర్జోనో నవ్వి, ముందుకు దారితీశాడు.

బయట తోటలో, మిగతావాళ్ళు కొబ్బరినీళ్ళ కోసం వెళ్ళాక తుకీనా అడిగింది.

"ఎప్పుడు వేశావు?"

"అక్కడికి పోయిన నాలుగో ఏడు. ఉత్తరాలు రానివ్వని రోజుల్లో."

"నవ్వుతున్నట్టు వేశావే? ఆ ఏడు నేను నవ్విందెక్కడ?"

అతను వంగి చెప్పుల దుమ్ము దులుపుకున్నాడు.

"నా ముఖమే మర్చిపోయి ఉంటావనుకున్నానయ్యా. వచ్చాకైనా ఒక్క ముక్క చెప్పొచ్చుగా?"

"చెబితే, దాని కింద వాడి పేరుందనీ చెప్పాలిగా."

"సరే. మరి ఇందాక ఆవిడ అంత మాటంటే?"

"గొంతు రాలేదు తుకీనా."

ఇంతలో రెత్నో గ్లాసులతో వచ్చింది.

మూడు నెలలకు పెళ్ళయింది. హర్జోనో భార్య సరదాపడి, ఆ చిత్రం నకలొకటి సంతకంతో సహా అద్దం కట్టించి కొత్త కాపురానికి కానుకిచ్చింది. రెత్నో దాన్ని ముందుగదిలో తగిలించుకుంది. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తుంది.

"మా అమ్మలా లేదూ? ఎవరో పెద్ద కర్నల్‌గారు వేశారట. కదా నాన్నా?"

తుకీనా మొగుడి ముఖంలోకి చూస్తుంది. మర్సూది అవునన్నట్టు తలాడిస్తాడు.