వేడి రోలరుకు పెట్టిన బొట్టు

కంప్యూటరు గదిలో నాగేశం మళ్ళీ స్విచ్చి వేశాడు. ప్రింటరు లోపల ఫ్యాను తిరిగింది, పళ్ళచక్రాలు కరకరలాడాయి, ముందున్న చిన్న అద్దంలో యాభై అంకె వచ్చి కూర్చుంది. పొద్దున్నుంచి ఇదే వరస. ఆపడం, చల్లారనివ్వడం, మళ్ళీ వేయడం. యాభై అంటే వేడి రోలరు రోగమని హైదరాబాదు ట్రైనింగులో చెప్పారు. రోగం పేరు చెప్పారు గానీ మందు చెప్పలేదు, వాళ్ళ సొమ్మేం పోయింది! నిన్న సాయంత్రం మాడు వాసన వచ్చింది, కాగితాలు అంచులు కమిలి వంకర తిరిగి బయటికొచ్చాయి, ఆ తర్వాత మిషను మొండికేసింది.

నాగేశం సిద్దిపేటలో సిద్ధిరాములు సేటు ఎరువుల ఆఫీసులో టైపిస్టు. యాభై దాటిన మనిషి, వీపు కాస్త వంగింది, రెండు చూపుడు వేళ్ళ కొసలూ కీలు కొట్టీ కొట్టీ బల్లపరుపుగా అయ్యాయి. కళ్ళద్దాల కాడ విరిగితే దారం చుట్టుకున్నాడు, చెప్పుకు బొటనవేలి ఉంగటం తెగితే పురికొస చుట్టుకున్నాడు. భార్య పోయింది, పిల్లల్లేరు. వండుకోవడం, ఆఫీసుకు రావడం, మళ్ళీ వండుకోవడం. అతని బతుకు గురించి ఎవరైనా అడిగితే ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, అయినా అడిగినవాడెవడు?

కంప్యూటరూ ఈ లేజరు ప్రింటరూ వచ్చిన ఏడాదే టైపు మిషను పాత ఇనుము బండెక్కింది. నాగేశం కూడా దాని వెంటే పోవలసినవాడు. ఎదురుగా కొత్తగా తెరిచిన, కంప్యూటరు మీద టైపు చేసిచ్చే డీటీపీ దుకాణానికి పనంతా ఇచ్చేద్దామని సేటు మేనల్లుడు రాజనర్సు రోజూ పోరుపెట్టేవాడు. సేటు పాతకాలపు మనిషి, వెంటనే తెంచలేక ఓ మాట అన్నాడు.

"గీ మిషిన్ నడిసినన్ని దినాలు నువ్వు నా తాన్నే ఉంటవ్ నాగేశం. గటెన్క నన్ను అడగొద్దు."

ఆ మాట నాగేశం గుండెలో మేకులా దిగింది. ఆ రోజు నుంచి ప్రింటరును పసిపిల్లలా చూసుకున్నాడు. మెత్తటి ధోవతి ముక్కతో తుడిచేవాడు, పైన దుప్పటి కప్పేవాడు, ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు. మొన్న దసరాకు దానికి పూజ కూడా తానే చేశాడు. టైపు మిషను ఉన్నన్నాళ్ళూ ప్రతి దసరాకూ దాని రోలరుకు రెండు చివర్లా పసుపూ కుంకుమా పెట్టేవాడు. అది ఒక్కనాడు కూడా తుమ్మలేదు, దగ్గలేదు.

మల్లేశం వచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. గజ్వేల్ దగ్గర బస్సు ఆగిపోయిందట. బెజ్జంకి మనిషి, ముప్పై ఏళ్ళుంటాయి, హైదరాబాదులో ప్రింటర్లు బాగుచేసే కంపెనీలో పని. వస్తూనే ప్లగ్గు పీకించి, వేడేమైనా ఉంటే తగ్గనిమ్మని, నాగేశం ఇచ్చిన చాయి తాగాడు. తర్వాత వెనక మూత తీసి, మరలు విప్పి, వేడి రోలరు ఉన్న పెట్టెను బయటికి లాగాడు.

రోలరు గొట్టం లోపల ట్యూబులైటు పిల్లలాంటి దీపం ఉంది. అదే వేడినిచ్చేది. మీటరు పెడితే కూత వినిపించింది, దీపం బాగానే ఉంది. పక్కనున్న ఫ్యూజుకు పెడితే కూత లేదు. ఫ్యూజు తెగిందంటే ఎందుకు తెగిందో చూడాలి అంటూ మల్లేశం రోలరును తిప్పాడు. దాన్ని ఆనుకుని చిన్న నాలుక లాంటి భాగం ఉంది. దాని మీద నల్లగా, ఎర్రగా ఏదో పెచ్చు కట్టింది. గోటితో గీకి వాసన చూశాడు.

"గిదేంది కాకా?"

నాగేశం వంగి చూశాడు.

"బొట్టు," అన్నాడు. "పండుగ నాడు నేనే పెట్టిన."

నీళ్ళతో పెడితే రాలిపోతుందని పసుపూ కుంకుమా నూనెలో కలిపాడు. మిషను వెనక మూత తెరిచి రోలరు చివర్లా పెట్టాక, ఆ నాలుక మీద కూడా చిక్కగా ఇంత అద్దాడు. మిషనుకు నుదురు ఎక్కడుంటుందో అతనికేం తెలుసు.

మల్లేశం కోప్పడలేదు. ఆ నాలుకే వేడి కనిపెట్టేదని, పూత అడ్డం పడ్డాక రోలరు ఎంత కాగినా దానికి చల్లగానే తోచిందని, దాంతో దీపం ఆగకుండా కాలి, రోలరు తోలు మాడి, ఆఖరికి ఫ్యూజు తెగిందని నెమ్మదిగా చెప్పాడు. పెట్టె మొత్తం కొత్తది వేయాలి. వేస్తే మళ్ళీ ఈ తంటా రాదు, బొట్టు పెట్టకపోతే చాలు. తన వేలితో తన కన్నే పొడుచుకున్నానని నాగేశానికి అర్థమైంది. ఇది సేటుకు తెలిస్తే ఎట్లా అని తలుపు వైపు చూశాడు. మల్లేశం ఆ చూపు కనిపెట్టాడు.

"ఫికర్ చెయ్యకు కాకా. వోల్టేజి అని చెప్త," అన్నాడు గొంతు తగ్గించి.

సేటు వచ్చాడు, వెనకే రాజనర్సు. ఏమైందని అడిగితే మల్లేశం తడుముకోకుండా వోల్టేజి అన్నాడు. సేటు గడ్డం నిమురుకున్నాడు.

"వోల్టేజి అంటే మన చేతుల లేదు. ఇయ్యాల కొత్తది ఏపిస్తె రేపు మల్ల కాలుతది. ఏమంటవ్ నాగేశం?"

నాగేశం నోరు తెరిచాడు. నేనే పాడు చేశాను సేటూ, కరెంటు తప్పేం లేదు, బాగు చేయిస్తే బంగారంలా నడుస్తుంది అని ఒక్క ముక్క అంటే చాలు, తన కుర్చీ తనకుంటుంది. కానీ మల్లేశం మెడ మీద చెమట కనిపిస్తోంది. అలా అంటే, తనకోసం అబద్ధమాడినవాణ్ణి సేటు ముందే అబద్ధాలకోరును చేయాలి. వాడి కంపెనీకి తెలిస్తే వాడి గతేం కాను?

"మీ ఇష్టం సేటూ," అన్నాడు.

అంతే. రాజనర్సు టైపు చేయవలసిన కాగితాలు పట్టుకుని అప్పుడే ఎదురు దుకాణానికి దాటాడు. రేపటి నుంచి రాకపోయినా ఏమనుకోనని, ప్రతి పండుగకూ బట్టలు పెడతానని సేటు చెప్పాడు. మంచిమాటలే. మల్లేశం మరలు బిగిస్తూ తలెత్తలేదు. మేలు చేయబోయి ఏం చేశాడో వాడికీ తెలిసింది. నాగేశం వాడి భుజం తట్టి, ఆఖరు బస్సు దొరకదు తొందరగా పో బిడ్డా అన్నాడు.

ముందు గుమ్మంలో ఎరువులు కొనే గిరాకీలున్నారు. వాళ్ళందరి మధ్య నుంచి ఆ మొహంతో పోలేక, నాగేశం గది వెనక తలుపు తీసి, యూరియా బస్తాల గోదాములోంచి వెనక సందులోకి దిగి పోయాడు. ఏడుపు వస్తోంది, సందులో ఎవరూ లేరు గనక దాన్ని ఆపుకోలేదు.

చీకటి పడ్డాక రాజనర్సు కంప్యూటరు గదికి తాళం వేయడానికి వచ్చాడు. దుమ్ము పడకూడదని ఆ గదిలోకి ఎవరైనా ఒట్టి కాళ్ళతోనే పోవాలి. లోపల ఎవరూ లేరు, అద్దం తలుపు బయట మాత్రం పొద్దున విడిచినచోటే ఒక జత తోలు చెప్పులున్నాయి, ఒకదాని ఉంగటానికి పురికొస చుట్టి ఉంది, రెండింటి మొనలూ గదివైపే ఉన్నాయి.