నాలుగు వాదనలు, ఒక లారీ

నర్సరీల సంఘం ఆఫీసులో తగువు పెట్టుకునే ముందు రోజు సాయంత్రానికి నా చేతిలో నాలుగు వాదనలున్నాయి. నాలుగూ గట్టివే అనుకున్నాను.

కడియంలో నాది నర్సరీ. నాగపూర్‌కు పంపిన పొగడ మొక్కలు సగం ఎండిపోయి దిగాయి. తప్పు డ్రైవరుదన్నాను. ఆ డ్రైవరు లారీ ఓనరు రాజరత్నానికి సొంత తమ్ముడు. మాట వెనక్కి తీసుకునేదాకా నా మొక్కలకు లారీ పెట్టనని ఆయన కబురు పంపాడు. తొలకరి పడింది. ఆర్డర్లన్నీ ఇప్పుడే. ఎదిగిన మొక్కలను విరగకుండా మోసే లారీలు ఆయనవే. ఆలస్యమైతే నా బేరాలు పక్క నర్సరీకి పోతాయి.

మా అమ్మాయి శ్రీసత్య యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. మనుషులు వాదించుకునే తీరును తర్కంలో రాసి, ఏ వాదన నిలుస్తుందో తేల్చడం దాని పని. సెలవులకు వచ్చింది. నా వాదనలు చెప్పమని, సిమెంటు గట్టు మీద సుద్దతో వాదనకొకటి చొప్పున నాలుగు సున్నాలు చుట్టింది.

చెప్పాను. ఎక్కించినప్పుడు మొక్క పచ్చగా ఉంది. వేర్లకు మట్టి కట్టి గోనె చుట్టే మా పద్ధతిలో, నీళ్లు లేకపోయినా నాలుగు రోజులు తడి ఉంటుంది. డ్రైవరు దారిలో నీళ్లు చల్లకపోవడంవల్ల మూడో రోజుకు ఎండాయి. పైగా టార్పాలిన్ చిరిగి వేడిగాలి కొట్టింది.

రెండో సున్నాకీ మూడోదానికీ మధ్య అటూ ఇటూ బాణాలు గీసింది.

"నీళ్లు లేకపోయినా నాలుగు రోజులుంటాయంటావు. నీళ్లు లేక మూడో రోజే పోయాయంటావు. ఇవి రెండూ కొట్టుకుంటున్నాయి నాన్నా."

"రెండూ వేస్తానే. ఏదో ఒకటి తగలదా?"

"తగులుతుంది, నీకే. రాజరత్నంగారు కాఫీ తాగుతూ కూర్చుంటే చాలు. వాదన మీద బాణం పడితే, ఆ బాణం వేసినదాన్ని నువ్వు తిరిగి కొట్టాలి. కొట్టలేకపోతే అది పడిపోయినట్టే."

"గట్టిగా అరిస్తేనో?"

"అరుపుకి సున్నా చుట్టరు."

రెండింట్లో ఒకటి వదలాలి. ఆలోచించాను. మూడోది గెలిస్తే ఒక్క లోడు నష్టం తీరుతుంది. రెండోది పోతే మా వేర్ల కట్టు మంచిది కాదని నేనే చాటినట్టు. ఇక ఏ ఊరివాళ్లూ కొనరు. మూడోది వదిలేశాను.

పొద్దున్న సంఘంలో ఆ సంగతే ముందు చెప్పాను. "నీళ్ల మాట నేను అనకూడదండి. మా కట్టుకి దారిలో నీళ్లక్కర్లేదు. మీ తమ్ముడి తప్పు లేదు. టార్పాలిన్ సంగతి మాత్రం చెప్పండి."

రాజరత్నం కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "చిరిగిన మాట నిజమేనండి చంద్రరావుగారూ. చూసి కూడా ఎక్కించింది మీ మనుషులే కదా?"

"అయితే నష్టం చెరి సగం" అన్నాను. సరేనన్నాడు.

చివరికి లెక్క ఇది. ఒక వాదన నేనే వదులుకున్నాను, ఒకటి సగానికి తెగింది. ఎండిన మొక్కల్లో సగం నష్టం నాది. మా కట్టుకున్న పేరు అలాగే ఉంది. మధ్యాహ్నానికి లారీ వచ్చి గేటు ముందు ఆగింది.