గాలి లేని గ్రహానికి సన్మానం

జెస్సీకి ఒళ్ళు మండిపోయింది. మండదూ మరి? కాలేజీ ఆవరణలో షామియానా వేసి, వేదిక వెనక గోడంత ఫ్లెక్సు కట్టారు. దాని మీద ఆమె ఫోటో, పక్కన నీలంగా మెరిసిపోతున్న గ్రహం, కింద ఎర్రటి అక్షరాలు: "సుదూర గ్రహంపై నీటిని కనుగొన్న మన కోనసీమ ఆడపడుచు, మన కాలేజీ ఆణిముత్యం డాక్టర్ జెస్సీ గారికి ఘన సన్మానం."

ఆమె తేల్చింది సరిగ్గా దానికి వ్యతిరేకం. ఆ గ్రహం మీద నీళ్ళు లేవు, ఆవిరి లేదు, అసలు గాలే లేదు. మన సూర్యుడిది కాదు, ఎక్కడో వేరే నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహం అది. అలాంటి గ్రహం తన నక్షత్రానికి అడ్డంగా వచ్చినప్పుడు, దాని చుట్టూ గాలంటూ ఉంటే, కొంత వెలుగు ఆ గాలిలోంచి వడకట్టుకుని మనదాకా వస్తుంది. ఒక్కో వాయువు ఒక్కో రంగును మింగేస్తుంది కనుక, తగ్గిన రంగుల్ని బట్టి అక్కడేముందో చెప్పొచ్చు. ఓ పెద్ద శాస్త్రవేత్తల బృందం అలాగే చూసి నీటి ఆవిరి ఉందని లోకమంతా చాటింది. జెస్సీ బెంగళూరులో కూర్చుని ఆ లెక్కలన్నీ మళ్ళీ మొదటినుంచీ చేసింది. ఆవిరి ఉన్న మాట నిజమే గానీ అది గ్రహానిది కాదు, ఆ నక్షత్రం మీద మిగతా చోట్ల కంటే వేడి తక్కువున్న మచ్చలది. గ్రహం ఒట్టి బండరాయి. ఆ మాట పైకి అన్నందుకు ఎంతమంది చేత మాటలు పడిందో ఆమెకే తెలుసు. తీరా సొంతూరొస్తే, ఆ అబద్ధాన్నే తన మొహం పక్కన అచ్చేసి పెట్టారు. ఈ ఫోటో ఒక్కటి బయటికెళితే చాలు, ఏళ్ళ తరబడి పడ్డ కష్టం నవ్వులపాలు.

కాలేజీ కరస్పాండెంటు బంగారరాజు చేతులు జోడించుకుంటూ ఎదురొచ్చాడు. "రండి రండి జెస్సీ గారూ. కొబ్బరిబొండం కొట్టించమంటారా?"

"ముందు ఆ ఫ్లెక్సు తీయించండి. నీళ్ళున్నాయని నేనెప్పుడు చెప్పేనండి?"

"పేపర్లో చూసేమండి."

"లేవని చెప్పేనని రాసేరండి పేపర్లో."

"ఆయ్. ఉన్నాయో లేవో, నీళ్ళ గురించే కదండీ." ఆయన గొంతు తగ్గించాడు. "ఏమీ లేదని కనిపెట్టినావిడకి సన్మానమంటే జనం నవ్వరటండీ? పైగా అడ్మిషన్ల సీజను. కాస్త సర్దుకోండి."

సర్దుకోవాలట! సర్దుకోడానికి ఇదేమైనా ముమ్మిడివరం బస్సులో సీటా?

పక్కనే రామకృష్ణ మాస్టారు నిలబడి ఉన్నారు. ఇంటర్లో జెస్సీకి ఫిజిక్సు చెప్పిందాయనే. గాజుపట్టకంలోంచి వెలుగును ఏడు రంగులుగా విడగొట్టి మొదటిసారి చూపించిన చేతులవి. ఆయనైనా నోరు విప్పుతారని ఆశపడింది.

"నువ్వన్నది సబబేనమ్మా," అన్నారాయన నెమ్మదిగా. "కానీ పిల్లలు సరదాపడి వచ్చేరు. ఆ నీళ్ళ జోలికి పోకుండా నాలుగు మంచి మాటలు చెప్పి వెళ్ళు."

బంగారరాజు మాటకి కోపం వచ్చింది. ఈయన మాటకి గిర్రున తిరిగి వేదికెక్కేసింది.

వేదిక మీద శాలువా కప్పారు, బరువైన ఇత్తడి జ్ఞాపిక చేతిలో పెట్టారు, ఫోటోలు తీసుకున్నారు. మైకు అందగానే జెస్సీ నాన్చలేదు. "నా వెనక ఉన్నది అబద్ధం. ఆ గ్రహం మీద నీళ్ళు లేవు, గాలి లేదు. లేవని తేల్చడమే నా పని. మీరు నన్ను మెచ్చుకోవాలనుకుంటే దానికి మెచ్చుకోండి," అని, ఎలా తేల్చిందో పిల్లలకి అర్థమయ్యేలా విడమరిచి చెప్పింది.

ఆమె మాట పూర్తవగానే బంగారరాజు మైకు అందుకున్నాడు. "చూసేరా పిల్లలూ, ఎంత వినయమో. ఈసారి కాకపోతే వచ్చేసారి మన జెస్సీ గారు నీళ్ళు కనిపెట్టి తీరతారు. గట్టిగా చప్పట్లు కొట్టండి."

కొట్టారు. షామియానా ఎగిరిపోయేలా కొట్టారు. జెస్సీకి ఆ మైకు తీసి ఆయన నెత్తిన మోదాలనిపించింది.

చప్పట్లు ఆగాక రెండో సంవత్సరం పిల్ల ఒకతె లేచింది. పేరు క్రిస్టీనా. "ఒక డౌటండి మేడం. లోలకం ప్రయోగంలో భూమ్యాకర్షణ విలువ, అదే జీ, తొమ్మిది వందల ఎనభై రావాలని, కిందటేటి వాళ్ళ రికార్డు చూసి అందరం అదే దింపేసేమండి. నేను ఇంటికెళ్ళి వాసానికి దారంతో తాళంకప్ప కట్టి ఊపి చూసేను. తొమ్మిది వందల యాభై వచ్చిందండి. అది రాస్తే మార్కులు పోతాయన్నారు. మీరైతే ఏది రాస్తారండి?"

"ఇంట్లో ఎందుకమ్మా? లాబులో చెయ్యచ్చు కదా."

"లాబు తియ్యరండి."

"ఏయ్, కూర్చో," అన్నాడు బంగారరాజు.

జెస్సీ వేదిక పక్కనున్న మాస్టారి వైపు తిరిగింది. ఆయన నేల చూపులు చూస్తూ అన్నారు, "అందులో ఇప్పుడు యూనిఫారాల స్టాకు పెట్టేరమ్మా."

ఇంకేముంది. జెస్సీ శాలువా తీసి కుర్చీలో పడేసింది. ఫ్లెక్సుకు కట్టిన పురికొసను రెండు వైపులా విప్పి లాగేసింది. ఫ్లెక్సు జారి నేల మీద కుప్పపడింది. "ఏవండీ, ఇంత గౌరవించి పిలిస్తే ఇదా?" అన్నాడు బంగారరాజు. "ఆ గౌరవం మీరే ఉంచుకోండి. నాకు పురికొస చాలు," అంది. పురికొసకి జ్ఞాపికను బిగించి, షామియానా అడ్డకర్రకి వేలాడదీసింది. "రా క్రిస్టీనా. ఇంట్లో ఎలా చేసేవో అలాగే చెయ్యి."

ఆ పిల్ల జంకుతూ వచ్చి, స్కేలుతో పైనుంచి పురికొసను కొలవడం మొదలుపెట్టింది. జ్ఞాపిక పైన ముడి దగ్గరికొచ్చి ఆగింది.

"అక్కడిదాకా కాదమ్మా," అన్నారు మాస్టారు. ఎప్పుడు దగ్గరికొచ్చారో, వంగి చూస్తున్నారు. "వేలాడే బరువుకి మధ్య ఎక్కడో, అక్కడిదాకా కొలవాలి. తాళంకప్పకీ ముడిదాకానే కొలిచేవా?"

"ఆయ్. అంతేనండి."

"అందుకే నీకు తక్కువొచ్చింది. నువ్వు చేసింది తప్పేం కాదు, కొలత పొట్టిదయింది."

"ఈ ఒక్క ముక్క చెప్పడానికి మీకు రెండేళ్ళు పట్టిందా మాస్టారూ?" అంది జెస్సీ. "అందరిచేతా తొమ్మిది వందల ఎనభై రాయించేస్తే, ఏ పిల్ల ఎక్కడ తప్పిందో మీకెలా తెలుస్తుందండీ?"

పిల్లలంతా కుర్చీలొదిలి వేదిక చుట్టూ మూగారు.

"మరి రికార్డులో ఏది రాయమంటారండి?" అని అడిగింది క్రిస్టీనా. ఈసారి అడిగింది మాస్టారినే.

బంగారరాజు తననే చూస్తున్నాడని ఆయనకి తెలుసు.

"తొమ్మిది వందల యాభై రాయి," అన్నారు అయినా. "ఎందుకొచ్చిందో కింద రాయి. సంతకం నేను పెడతాను."