ఆ ఎవరో

"ఎవరో అన్నారమ్మా, నీకు చూపు తగ్గుతోందట," అన్నాడు యజమాని, ఆమె మొహం వైపు చూడకుండా కత్తెర వైపు చూస్తూ.

ఆ టైలరింగ్ షాపు వెనక గదిలో గుడ్డ కత్తిరించేది కటింగ్ అక్క. రేపు స్కూలు యూనిఫారాల గుడ్డ రావాలి. ఆ పని చేజారితే బల్ల దగ్గర తన చోటూ పోయినట్టే.

"ఎవరన్నారు సార్?"

"పేరెందుకులే. కాస్త చూసుకో."

ఈ ఎవరో అనే మనిషంత పనీపాటా లేనివాడు ఇంకొకడు ఉండడు. అందరి సంగతులూ వాడికే కావాలి, తీరా నిలదీద్దామంటే పత్తా ఉండడు. అక్కకి ఒళ్ళు మండింది. వాణ్ణి పట్టుకుని కడిగెయ్యాలనుకుంది.

గుడ్డ పరిచాక కళ్ళు మూసుకుని, అరచేత్తో తడిమి నేత ఎటు పోతోందో చూసుకోవడం ఆమెకి మొదటినుంచీ అలవాటు. అది చూసి ఎవరో వాగి ఉంటారు. ముందుగా కాజాలు కుట్టే ఆవిడ దగ్గరికి వెళ్ళింది.

"వదినా, నాకు కళ్ళు కనపడవని నువ్వేనా అన్నది?"

"నేనెందుకంటాను? అయినా... కనపడట్లేదా నీకు?"

ఇస్త్రీ బాబాయ్ తనకేం తెలీదని ఒట్టు పెట్టుకున్నాడు. మధ్యాహ్నం దారాల కొట్టులో నలుగురి ముందే అడిగేసింది. "అయ్యో పాపం, ఎప్పట్నుంచి?" అన్నాడు కొట్టతను. అక్కడే రిబ్బన్లు బేరమాడుతున్న స్కూలు ఆయా, బేరం ఆపి మరీ విన్నది.

సాయంత్రం యజమాని ఫోను పెట్టేసి కూలబడ్డాడు.

"స్కూలు వాళ్ళు. గుడ్డ ఇంకో చోట ఇస్తారట. మీ కటింగావిడకి బొత్తిగా కనపడదటగా అంటున్నారు."

"ఎవరు చెప్పారట?"

"ఎవరో చెప్పారట. పొద్దుటిదాకా ఒక్కరే అన్నారమ్మా. ఇప్పుడు అందరూ అంటున్నారు."

"ఆ ఒక్కరూ ఎవరో ఇప్పుడైనా చెప్పండి సార్."

యజమాని మళ్ళీ కత్తెర వైపే చూశాడు. "మీ ఆయనే. నిన్న వచ్చాడు. మా ఆవిడకి కళ్ళు లాగుతున్నాయి, బల్ల మీద మంచి లైటు వేయించండి, నేనడిగానంటే చిన్నబుచ్చుకుంటుంది, నా పేరెత్తకండి అన్నాడు. నాకు ఎలా చెప్పాలో తెలీక అలా అనేశాను."

మొన్న రాత్రి కళ్ళు నొక్కుకుంటూ ఆయన దగ్గర విసుక్కున్న సంగతి అప్పుడు గుర్తొచ్చింది. ఏడుపు తన్నుకొచ్చింది. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

"నువ్వు దారాల కొట్టుకెళ్ళినప్పుడే వచ్చి లైటు బిగించి పోయారు," అంటూ యజమాని స్విచ్చి వేశాడు.

లైటు బ్రహ్మాండంగా ఉంది. బల్ల మీద పాత సుద్దగీతలు కూడా ఒక్కొక్కటే స్పష్టంగా కనపడుతున్నాయి. కత్తిరించడానికి గుడ్డే లేదు.