అరవై ఐదు లెన్సు

పొద్దుగాల చాయ తాగి, పెద్ద కట్టె కెమెరా లెన్సులు తుడుసుకునుడు ఓదెలుకు రోజుటి పని. కోరుట్లల గసొంటి కెమెరా ఇంకెవలికీ లేదు. దాంతోని చేను ఫోటో తీస్తే దూరం పోయినోళ్ళు గూడ అండ్ల పడ్తరు. మొఖం ఆనవాలు పట్టేంత పడ్డోడు ఇంటికి మర్లి అస్తడు. ఒకప్పుడు దుబాయి పోయినోళ్ళ పెండ్లాలు ఆయన ఫోటో దుకాణం ముంగట లైను గట్టేటోళ్ళు. ఏం రోజులయ్యా అవి!

ఇప్పుడు ఫిల్మే దొర్కదు. ఒక్కటి మిగిలింది, అది తమ్ముడు మధు కోసం దాసిపెట్టుకున్నడు. తనన్న ఒక్క మాటకు అలిగి, సాంచెల మీద బట్ట నేసే పనికని భీవండి పోయిన మధు ఇరువై ఏండ్లయినా రాలే. తొంభై ఎమ్మెం లెన్సు పెట్టి, నల్లబట్ట కప్పుకొని చూస్తే కెమెరా అద్దంల కనవడ్తడు గని, పెడమొఖమే. కోపం దిగి ఇటు తిరిగిననాడు తీద్దామని ఓదెలు కాసుకొని కూసున్నడు.

గా యాల్ల మల్లాపూర్ నుంచి సుధ అచ్చింది.

"కాకా, మా ఆయన జగదీశ్ కువైట్ల ఉన్నడు. ఫోన్ బందై ఐదు నెలలాయె. నీ కాళ్ళు మొక్కుత, ఒక్క ఫోటో తియ్యి."

"కువైట్ తొంభైకి అందది బిడ్డా. అరవై ఐదుది పెట్టాలె. అది మస్తు వెడల్పు చూస్తది. అంచుకున్నోళ్ళను సాగదీస్తది, నడుమున్నోళ్ళను ఆవగింజంత జేస్తది."

"మా ఆయన యాడ ఉంటడు?"

"అంచుకే."

"మరింకేంది కాకా?"

నడుమ భీవండి పడ్తదని ఓదెలు చెప్పలే.

పసుపు చేను గట్టు మీద కెమెరా నిలవెట్టి, పానం ఆగక ముందుగాల తొంభైదే పెట్టిండు. అద్దంల చేను తల్లకిందులైంది. నడుమ మధు. ఇటే చూస్తున్నడు! ఓదెలు చెయ్యి ఫిల్ము మీదికి పోయింది.

"కనవడ్డడా కాకా?" సుధ ఎనుక నుంచి అడిగింది.

నల్లబట్ట కిందనే కండ్లు తుడుసుకొని, లెన్సు మార్చి, ఆ ఆఖరి ఫిల్ముల జగదీశ్ ఫోటో తీసిండు ఓదెలు.

తొమ్మిదో నాడు జగదీశ్ బస్సు దిగిండు. మొగుడు పెండ్లాలు దుకాణానికి అచ్చేసరికి ఓదెలు ఫోటో మీద భూతద్దం పెట్టి కూసున్నడు.

"ఏం చూస్తున్నవే కాకా?"

"మా తమ్ముణ్ణి. ఇటు తిరిగిండు బిడ్డా, గని గింతంత పడ్డడు. ఇగ రాడు."

జగదీశ్ వంగి చూసిండు. "ఇటు తిరిగినోని దగ్గరికి నువ్వే పోరాదు కాకా? భీవండి బస్సు మన ఊర్లెకెల్లే పోతది గద!"

ఓదెలుకు ఇరువై ఏండ్ల సంది చూసుడే గని, పోవుడు తట్టనేలేదు.

గా పొద్దే బస్సెక్కిండు. కెమెరా తీస్కపోలే.